రెండో తుమ్ము

మనిషి గురించి చెప్పమంటే జనం ముందు ఊరు చెబుతారు, చదువు చెబుతారు, ఉద్యోగం చెబుతారు. మిర్యాలగూడలో నా గురించి అడిగితే మాత్రం ముందు తుమ్ము సంగతి చెబుతారు. "గా మిల్లు గేటు కాడ తుమ్ముకుంట నిలబడతడు సూడు, ఆయన" అంటారు. పద్దెనిమిదేళ్లు ఒకే రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసి నేను సంపాదించుకున్న పేరు అది.

నా తుమ్ము ఒంటరిగా రాదు. పొద్దున లేచి మొహం కడుక్కునేలోపు అయిదు, చొక్కా తొడుక్కుంటుంటే మూడు, మిల్లు గేటు దాటాక ఇక ఇన్నని చెప్పలేను. కళ్లు మండుతాయి, అంగిట్లో దురద పుడుతుంది. నాలుకతో అంగిలిని గోక్కుంటూ మాట్లాడటం నాకు అలవాటైపోయింది. అవతలివాళ్లు నేనేదో చప్పరిస్తున్నాననుకుంటారు. మొదట్లో సర్ది అనుకున్నాం. పద్దెనిమిదేళ్ల సర్ది ఎక్కడా ఉండదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాతో సహా.

అసలు చిక్కు తుమ్ముతో కాదు, దాని సంఖ్యతో. బయటికి వెళ్లేటప్పుడు ఒక తుమ్ము వినబడితే ఆగాలి, కూర్చోవాలి, మంచినీళ్లు తాగి మళ్లీ లేవాలి. రెండు వినబడితే శుభం, నిక్షేపంగా వెళ్లొచ్చు. ఈ సంగతి మా దిక్కున చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఈ ఏర్పాటు చేసిన పెద్దలెవరో నా లాంటి ముక్కును చూసి ఉండరు. అయిదు తుమ్మితే ఏం చేయాలి, ఏడు తుమ్మితే ఏం చేయాలి అన్నది వాళ్లు చెప్పలేదు.

ఆ లోటు మా ఆవిడ తీర్చింది. ఆమెది కోదాడ. పెళ్లైన కొత్తలోనే సరి వస్తే శుభం, బేసి వస్తే కూర్చోవాలి అని తేల్చేసింది. పుట్టింటికి బయలుదేరి, చెప్పులేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి నా మొహం చూసేది. "ఏవండీ, ఏడయ్యాయి. ఇంకోటి తుమ్మేయండి, బస్సు వెళ్లిపోతుంది" అనేది. అడిగినప్పుడు రావడానికి అది తుమ్మాయె, టీ కాదు. అలా కోదాడ బస్సులు చాలానే తప్పిపోయాయి.

మా సేటు, అంటే మిల్లు యజమాని, ఈ విషయంలో మా ఆవిడకన్నా గట్టివాడు. మనిషి మంచివాడే. హమాలీల ఇళ్లలో పెళ్లైతే బియ్యం పంపేవాడు, ఎవరింట్లో చావైనా ముందు వచ్చి కూర్చునేవాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అన్నవాడు కాదు. కానీ లారీ బయలుదేరేటప్పుడు శకునం చెడితే మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. నా పని సరిగ్గా అక్కడే. బియ్యం లోడైన లారీకి చీటీ రాసి, గేటు తీయించి పంపడం. అంత పెద్ద మిల్లులో అందరికన్నా ఎక్కువ తుమ్మే మనిషిని వెతికి తెచ్చి లారీలు బయలుదేరే చోట నిలబెట్టినట్టయింది.

మొదటి వారంలోనే ఒక లారీ నా ఒంటి తుమ్ముకు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, టీ తాగి మళ్లీ ఎక్కాడు. ఎక్కగానే నేను మూడు తుమ్మాను. మళ్లీ దిగాడు. ఆ రోజు ఆ లారీ గేటు దాటేసరికి మధ్యాహ్నమైంది. సేటు వచ్చి నా పక్కన నిలబడి, "ఏమయ్యా, తుమ్మితే తుమ్ము గాని జర రెండు తుమ్ము" అన్నాడు. మిల్లులో ఆరోగ్యం గురించి ఇన్నేళ్లలో నాకు ఎవరైనా ఇచ్చిన సలహా అదొక్కటే.

అప్పటి నుంచి నేను దొంగ తుమ్ము నేర్చుకున్నాను. నిజం తుమ్ములు బేసిలో ఆగిపోతే, ఆ ఊపు తగ్గకముందే ఇంకోటి కలపాలి. ఆలస్యమైతే జనం పసిగడతారు. కళ్లు గట్టిగా మూసి, భుజాలు పైకి లేపి, చివర్లో ముక్కు తుడుచుకోవాలి. తుడుచుకోవడం మరిచిపోతే నటన అని తెలిసిపోతుంది. ఏడాది తిరిగేసరికి మా ఆవిడ తప్ప ఎవరూ తేడా కనిపెట్టలేనంత బాగా తుమ్మేవాణ్ని. లారీలు సాఫీగా సాగాయి. కరోనా రోజుల్లో మాత్రం నా విద్య పనికిరాలేదు. ఒకటి తుమ్మినా రెండు తుమ్మినా గేటు దగ్గర మనిషన్నవాడు మిగిలేవాడు కాదు.

ఇక పెద్దమ్మ సంగతి చెప్పాలి. మిల్లులో తౌడు షెడ్డు ఊడ్చే ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. పెన్‌పహాడ్ దిక్కు నుంచి వచ్చి మిల్లు వెనక రేకుల గదిలో ఒక్కతే ఉండేది. బియ్యం పాలిష్ పట్టే మిషన్ల కింద తౌడు, నుసి ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. దాన్ని ఊడ్చి బస్తాలకు ఎత్తడం ఆమె పని. ముక్కుకు, నోటికి ఒక పాత గుడ్డ చుట్టుకునేది. కళ్లు మాత్రమే కనబడేవి, కనురెప్పల మీద కూడా తౌడే ఉండేది. చేతులకు మోచేతుల దాకా దద్దుర్లు. గోకీ గోకీ చర్మం నల్లబడి, వేళ్ల సందుల్లో చీలి ఉండేది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదట. ఆమెకూ తుమ్ములు వచ్చేవి గానీ వాటి వెనకే దగ్గు అందుకునేది. ఒకసారి అందుకుంటే చీపురు కింద పెట్టి, వంగి, మోకాళ్లు పట్టుకోవాల్సి వచ్చేది.

ఒకరోజు ఆమె గేటు దాకా వచ్చింది. "సారూ, సేటుకు చెప్పి నన్ను జర బయట ఊడ్సే పనికి మార్పియ్యరాదా? గీ దుమ్ము నాకు పడుతలేదు" అంది.

"దుమ్ము ఎవరికి పడతది పెద్దమ్మా? పని పడాలె గాని" అన్నాను.

పక్కనున్న హమాలీలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ పూట చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. ఆ మాట అన్న వెంటనే నేను మూడు తుమ్మి, నాలుగోది కలిపాను. లారీ కదిలింది. ఆమె చీపురు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది, ఇంకెవరి మీదా కాదు, నా మీదే. ఇద్దరిదీ ఒకే దుమ్ము. నా తుమ్ముకు మిల్లులో విలువ ఉండేది. అది వినబడితే ఇంజను ఆగేది, సేటు తల తిప్పేవాడు. ఆమె దగ్గుకు ఏ శకునమూ లేదు. పొద్దస్తమానం దగ్గినా ఒక్క లారీ ఆగేది కాదు.

ఆ తర్వాత దసరాకు సేటు కొత్త లారీ కొన్నాడు. పంతులు వచ్చాడు, కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. డ్రైవరు తాళం తిప్పాడు. నాకు ఒక తుమ్ము వచ్చింది. అందరూ నా వైపు చూశారు. రెండోది కలపబోయాను. గొంతు పట్టేసింది. ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడైంది గానీ గాలి లోపలికి పోలేదు. గేటు పట్టుకుని కింద కూలబడ్డాను. అంత బాధలోనూ నా చెవిన పడ్డ మాట, "రెండోది తుమ్మలేదు" అన్నది.

మర్నాడు సేటు తన కారిచ్చి నన్ను సూర్యాపేటకు, ఎలర్జీలు చూసే డాక్టరు దగ్గరికి పంపాడు. నా కోసం పంపాడో లారీ కోసం పంపాడో నేను అడగలేదు.

ఆ దవాఖానలో డాక్టరు గది తలుపు వేసి ఉండదు. లోపలి మాటలన్నీ బయట బెంచీల మీదికి వినబడతాయి. నాకన్నా ముందు ఒక ముసలాయన వెళ్లాడు. "ఏం పడదు తాతా నీకు?" అని డాక్టరు అడిగాడు. "నాకు నా చిన్నకోడలికి పడదు సారు" అన్నాడాయన. "అది కాదు, తిండిలో ఏం పడదు?" అంటే, "ఆమె వండింది ఏదీ పడదు" అన్నాడు. బెంచీల మీద అందరం నవ్వాం. నవ్వగానే సగం మందికి దగ్గొచ్చింది.

నా ముంజేతి మీద డాక్టరు పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క వేసి, చుక్క మీద సూదితో చిన్నగా పొడిచాడు. పావుగంట గోకకుండా కూర్చోమన్నాడు. నా జీవితంలో అంత పొడవైన పావుగంట లేదు. రెండు అంకెల దగ్గర దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. ఒకటి వడ్ల దుమ్ము, ఇంకోటి వయ్యారిభామ కలుపు మొక్క. పద్దెనిమిదేళ్లుగా నాకు తిండి పెట్టింది ఆ మొదటిదే.

"వీలైతే పని మార్చుకోవాలి. లేదంటే దుమ్ముకు దూరంగానైనా ఉండాలి" అన్నాడు డాక్టరు. మందులు రాస్తూ, "మీ మిల్లులో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్, నాకొక్కడికే" అన్నాను.

అంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందో తెలియదు. ఉందంటే పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమె సంగతి చెబితే నేను ఆమెతో అన్న మాట గుర్తు చేసుకోవాలి. దానికన్నా అబద్ధమే తేలిక అనిపించి ఉంటుంది.

ఇంటికి రాగానే మా ఆవిడ, "ఏమన్నాడండీ డాక్టరు?" అని అడిగింది. "వడ్ల దుమ్ము, వయ్యారిభామ పడవన్నాడు" అన్నాను. "రెండోది పడకపోతేనే మంచిది లెండి" అని, మందుల సంచీ అందుకుని లోపలికి వెళ్లింది.

సేటు మంచివాడని చెప్పాను కదా. డాక్టరు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడని చెప్పగానే నన్ను గేటు దగ్గర నుంచి తీసి ఆఫీసులో అద్దాల గదిలో కూర్చోబెట్టాడు. ఏసీ, తిరిగే కుర్చీ, కంప్యూటరు. నెల తిరక్కుండా తుమ్ములు సగానికి తగ్గాయి. చుట్టాలు అది ప్రమోషన్ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

ఒకరోజు పెద్దమ్మ అద్దం అవతల నిలబడి వేలితో కొట్టింది. కిటికీ తీశాను.

"తుమ్మెటోళ్లను అద్దాల రూంల కూసోబెడ్తరంట గదా సారూ" అంది. "దగ్గెటోళ్లకు ఏం లేదా?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతోంది. అలాంటి ఏర్పాటు ఏదైనా ఉంటే తెలుసుకుందామని వచ్చింది. నాకు సిగ్గేసింది. "సేటుతో మాట్లాడతా పెద్దమ్మా" అని కిటికీ వేశాను. ఏసీ గాలి పోతుందని కూడా వేశాను, అదీ ఒప్పుకోవాలి.

మాట్లాడాను. ఆమెకు ఊపిరాడటం లేదని, బయటి పని ఇమ్మని అడిగాను. సేటు కోప్పడలేదు. "బాగలేకపోతే ఇంటికాడ ఉండుమను. బాగుంటే పని చెయ్యమను. మధ్యల ఇంకేముంటది?" అన్నాడు. ఇంటికాడ ఉంటే ఆమెకు పూట గడవదు. షెడ్డులో ఉంటే ఊపిరాడదు. మధ్యలో ఏముంటుందో నాకూ వెంటనే తోచలేదు. అప్పుడు నా పాత విద్య అక్కరకొచ్చింది.

"అది కాదు సేటూ. పెద్దమ్మ తుమ్మితే రెండే తుమ్ముతదండి. ఒకటి కాదు, మూడు కాదు. ఎప్పుడు తుమ్మినా రెండే" అన్నాను.

సేటు కుర్చీలో ముందుకు వంగాడు. మర్నాటి నుంచి పెద్దమ్మ గేటు దగ్గర వాకిలి ఊడ్చే పనిలో ఉంది.

విషయం ఆమెకు ముందే చెప్పాను. ఆమె నాకన్నా తెలివైనది. షెడ్డులో ముక్కుకు కట్టుకున్న పాత గుడ్డను ఉతక్కుండా సంచీలో దాచుకుంది. లారీ కదిలేముందు దాన్ని మొహం దగ్గర ఒకసారి దులిపేది. తక్కువ దులిపితే ఒకటి వస్తుందని, ఎక్కువ దులిపితే దగ్గొస్తుందని రెండు రోజుల్లోనే కనిపెట్టింది. కొలిచినట్టు రెండు తుమ్ములు. డ్రైవర్లు ఆమెకు మొక్కి లారీ ఎక్కేవాళ్లు. ఒకాయన అరటిపళ్లు కూడా తెచ్చిచ్చాడు.

మూడు నాలుగు నెలల్లో ఆమె చేతుల మీది దద్దుర్లు మానాయి. వేళ్ల సందుల్లో చీలికలు పూడాయి. "పక్క మీద పండుకుంటున్న సారూ. ఎన్ని దినాలకు నడుం వాల్చిన్నో" అని నాతో చెప్పింది. గుడ్డలో దుమ్ము కూడా అయిపోవచ్చింది. దులిపినా తుమ్ము రావడం మానేసింది. లారీలు ఏ శకునమూ లేకుండానే పోతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు.

అక్కడితో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ మంచి పని చేసినవాడికి అది నలుగురికీ చెప్పుకోవాలని ఉంటుంది. ఒక సాయంత్రం సేటు గేటు దగ్గర నిలబడి ఉంటే వెళ్లి, "చూడండి సేటూ, పెద్దమ్మ ఎంత బాగైందో. ఒక్క దగ్గు లేదు, ఒక్క తుమ్ము లేదు" అన్నాను.

"బాగైందా?" అన్నాడు సేటు సంతోషంగా. నిజంగా సంతోషపడ్డాడు. "మంచిదేనాయె. రేపటి సంది లోపలికి పంపు. షెడ్డుల మనుషులు తక్కువున్నరు."

మర్నాడు పొద్దున ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో లోపలి చీపురు ఉంది. అన్నాళ్లూ సారూ అని పిలిచిన మనిషి ఆ రోజు, "బాగైందని ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అంది. "మనం బాగుండుడు మిల్లుకు పడదు" అని తనే అనుకుంటూ షెడ్డులోకి నడిచింది. వారం కాకముందే దగ్గు అద్దాల గదిలోకి కూడా వినబడసాగింది.

నా మందుల కోసం సూర్యాపేట వెళ్లినప్పుడు డాక్టరుకు ఆమె సంగతంతా చెప్పాను. పోయినసారి అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "ఆమెను తీసుకొస్తే చూసి, దుమ్ములో పని చేయొద్దని కాగితం రాసిస్తాను. కానీ ఆ కాగితం చూపిస్తే మీ సేటు బయట పని ఇస్తాడా, ఇంటికి పంపిస్తాడా?" అని అడిగాడు. బాగలేకపోతే ఇంటికాడ ఉండుమన్న సేటు మాట నాకు కంఠతా వచ్చు. ఆమెకు పీల్చే మందు మాత్రం అడిగి, ఆదివారం తీసుకొచ్చి చూపిస్తానని మాటిచ్చి లేచాను.

మర్నాడు ఒక లోడు కాకినాడకు బయలుదేరుతోంది. సేటు గేటు దగ్గరే ఉన్నాడు. నేను దుమ్ముకని పెట్టుకుంటున్న మాస్కు తీసి జేబులో పెట్టుకుని, అద్దాల గది వదిలి, తౌడు షెడ్డు ముందు నుంచి నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాను. ముక్కుకు పాత చుట్టరికం గుర్తొచ్చింది. డ్రైవరు తాళం తిప్పగానే తుమ్మాను. ఒక్కటి.

అందరూ ఆగారు. రెండోది ముక్కు దాకా వచ్చింది. ముక్కు పట్టుకుని ఆపేశాను. నా జన్మలో తుమ్మును ఆపడం అదే మొదటిసారి.

"ఇంకోటయ్యా" అన్నాడు సేటు.

"వస్తలేదు సేటూ. మందులు వాడుతున్న గదా" అన్నాను. "రెండోది పెద్దమ్మ తుమ్ముతుండె గదండీ. గేటు కాడ ఆమె ఉన్నన్ని దినాలు ఒక్క లారీ ఆగిందా?"

సేటు ఆలోచించాడు. నిజమే, ఒక్కటీ ఆగలేదు. లారీ ఇంజను మోగుతూనే ఉంది. "పెద్దమ్మను బయటికి పిలువుండ్రి" అన్నాడు.

ఆమె వచ్చింది. కనురెప్పల దాకా తౌడు. విషయం అర్థమై మొహం మీది గుడ్డ విప్పి దులపబోయింది. తుమ్ము రాలేదు. దగ్గొచ్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. వంగి మోకాళ్లు పట్టుకుంది. అప్పటిదాకా ఆమె దగ్గును సేటు అంత దగ్గర నుంచి చూసి ఉండడు. ఇంజను ఆపమని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఆమె దగ్గుకు ఒక లారీ ఆగడం అదే మొదటిసారి.

ఆమె లేచి నిలబడింది. తర్వాత సేటు నా వైపు తిరిగాడు. శకునాల్లో నన్ను అందరూ పెద్దమనిషిగా చూస్తారు కదా. "దగ్గు లెక్కకొస్తదా?" అని అడిగాడు.

"వస్తది సేటూ" అన్నాను. "రెండుసార్లు దగ్గింది."

లారీ వెళ్లిపోయింది. ఆమెను లోపలికి పొమ్మని సేటు అనలేదు. గేటు చీపురు గోడకు ఆనించి ఉంటే తనే తీసుకుంది. నేను పక్క నుంచి వెళ్తుంటే చొక్కా పట్టుకుని ఆపింది. "ఈసారి బాగైందని చెప్పకు బిడ్డా" అంది.

చెప్పలేదు. మాటిచ్చినట్టే ఆదివారం ఆమెను డాక్టరుకు చూపించాను, కాగితం మాత్రం రాయించలేదు. ఆమె చేతులు మళ్లీ నునుపు తేలాయి. రాత్రిళ్లు పడుకుని నిద్రపోతోంది. సేటు అప్పుడప్పుడు పాపం ఆదరంగానే అడుగుతాడు, పెద్దమ్మకు ఎట్లున్నది అని. "ఏం బాగులేదు సేటూ, గట్లనే ఉన్నది" అంటాను. తౌడు షెడ్డులోకి ఒక కొత్త మనిషి వచ్చింది, తిరుమలగిరి దిక్కు నుంచి. ఆమెకు ఇంకా దగ్గు మొదలు కాలేదు.